పెడల్స్ లేని విమానం: ఫ్రెడ్ వైక్ కథ

ప్రమాదం జరిగిన మర్నాడు పేపర్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: పైలట్ తప్పిదం. బస్సయితే డ్రైవర్ నిర్లక్ష్యం, ఫ్యాక్టరీ అయితే ఆపరేటర్ పొరపాటు. ఆ మాట చదివాక మనకి ఇంకేం అడగాలనిపించదు, పేజీ తిప్పేస్తాం. సరే, పైలట్ తప్పు చేశాడు. మరి ఆ తప్పు చేయడం అంత తేలికయ్యేలా విమానాన్ని తయారుచేసింది ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజనీరు ఫ్రెడ్ వైక్. ఆయన డిజైన్ చేసిన ఎర్‌కూప్ అనే రెండు సీట్ల చిన్న విమానం గురించి చదివాక, బ్రాంచి ఏదైనా సరే మన కాలేజీలో ప్రతి ఒక్కరూ ఆయన గురించి తెలుసుకోవాలనిపించింది. అందుకే ఈ వ్యాసం.

డ్రాయింగ్ బల్ల నుంచి గాలి సొరంగం దాకా

వైక్ 1899 జూలై 14న అమెరికాలో షికాగో దగ్గర పుట్టారు. రైట్ సోదరుల విమానం గాల్లోకి లేచేనాటికి ఆయనకి నాలుగేళ్లు. అంటే విమానం, ఆయన దాదాపు కలిసి పెరిగారన్నమాట. ఇలినాయ్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1922లో బయటికొచ్చారు. మొదటి ఉద్యోగం అమెరికా విమాన తపాలా సర్వీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా. ఉత్తరాల సంచులు మోస్తూ ఆ పైలట్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకుంటున్న రోజులవి. తర్వాత నేవీ విమాన విభాగంలో ప్రొపెల్లర్ల మీద పనిచేశారు. 1925లో వర్జీనియాలోని లాంగ్లీ పరిశోధనశాలలో చేరారు. అది ఎన్ఏసీఏ అనే ప్రభుత్వ సంస్థకి చెందినది. ఇవాళ మనందరికీ తెలిసిన నాసా ఆ సంస్థలోంచే పుట్టింది.

అక్కడ ఆయన చేతికొచ్చిన పని చిన్నది కాదు. చిన్న చిన్న నమూనాలతో కాకుండా అసలు సైజు ప్రొపెల్లర్‌నీ, ఇంజిన్‌నీ, విమానం ముందు భాగాన్నీ పెట్టి పరీక్షించగలిగే విండ్ టన్నెల్ కట్టాలి. గాలి ప్రవాహం వ్యాసం 20 అడుగులు. దాన్ని తిప్పడానికి చాలినంత కరెంటు ఆ ఊళ్లో లేదు. అందుకని నేవీ దగ్గర్నుంచి సబ్‌మెరైన్ డీజిల్ ఇంజిన్లు రెండు తెచ్చి, వాటితో ఫ్యాన్ తిప్పారు. 1927లో టన్నెల్ పని మొదలుపెట్టింది.

అప్పటి విమానాల్లో చాలా వాటికి రేడియల్ ఇంజిన్లు ఉండేవి. సిలిండర్లన్నీ పువ్వు రేకుల్లా చుట్టూ పరుచుకుని, చల్లబడటానికి వీలుగా గాలికి ఎదురుగా ఉండేవి. చల్లబడేవి నిజమే గానీ, ఆ సిలిండర్ల వల్ల పుట్టే డ్రాగ్ చాలా ఎక్కువ. వైక్ బృందం ఇంజిన్ చుట్టూ ఒక తొడుగు చేసింది. లోపలికి ఎంత గాలి రావాలి, ఎక్కణ్నుంచి బయటికి పోవాలి అన్నది ఒక్కొక్క మార్పు చేసి కొలుస్తూ పోయింది. ఆ తొడుగు వేశాక కర్టిస్ కంపెనీ విమానం ఒకదాని గరిష్ఠ వేగం గంటకు 118 మైళ్ల నుంచి 137 మైళ్లకు పెరిగింది. ఇంజిన్ అదే, విమానం అదే, మారింది రేకు తొడుగు మాత్రమే. ఈ పనికి ఎన్ఏసీఏకి 1929 సంవత్సరానికి కోలియర్ ట్రోఫీ దక్కింది. అమెరికా విమానరంగంలో అది చాలా పెద్ద గౌరవం.

ఇంకొకరైతే అక్కడితో ఆగి, మిగతా జీవితమంతా విమానాల వేగం పెంచుకుంటూ పోయేవారేమో. వైక్ మనసు ఇంకో వైపు తిరిగింది. వేగం సంగతి తర్వాత, అసలు మామూలు మనిషి ఈ యంత్రాన్ని నడిపి క్షేమంగా ఇంటికి రాగలడా?

స్పిన్ అంటే ఏమిటి

ఇక్కడ కొంచెం టెక్నికల్ విషయం చెప్పుకోవాలి. రెక్క గాలిని ఒక కోణంలో కోసుకుంటూ పోతుంది. ముక్కు పైకెత్తే కొద్దీ ఆ కోణం పెరుగుతుంది, దాంతోపాటు లిఫ్ట్ కూడా పెరుగుతుంది. కానీ ఒక హద్దు ఉంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని వదిలేసి చెల్లాచెదరవుతుంది. లిఫ్ట్ ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఆ క్షణంలో విమానం నిటారుగా కాకుండా ఒక పక్కకి తిరుగుతూ ఉంటే, ఒక రెక్క ముందు స్టాల్ అవుతుంది. విమానం బొంగరంలా తిరుగుతూ కిందికి పోతుంది. అదే స్పిన్.

ఎత్తులో ఉంటే బయటపడొచ్చు. కానీ ఇది ఎక్కువగా జరిగేది ల్యాండింగ్‌కి ముందు, రన్‌వే వైపు చివరి మలుపు తిప్పేటప్పుడు. వేగం తక్కువ, ఎత్తు తక్కువ. మలుపు సరిపోలేదని పైలట్ కాలితో రడ్డర్ పెడల్ ఇంకాస్త తొక్కుతాడు, ముక్కు దిగిపోతోందని చేత్తో స్టిక్ ఇంకాస్త వెనక్కి లాగుతాడు. రెండూ భయంలో ఎవరికైనా సహజంగా తోచే పనులే. ఆ రెండూ కలిస్తేనే స్పిన్. సరిదిద్దుకోవడానికి కింద జాగా ఉండదు.

అప్పటి వాళ్ల జవాబు ఒక్కటే: పైలట్‌కి ఇంకా బాగా శిక్షణ ఇవ్వాలి. వైక్ లెక్క వేరు. స్పిన్ రావాలంటే రెండు కావాలి, ఒకటి స్టాల్, రెండు పక్కకి తిరగడం. ఈ రెండూ అసలు వీలుపడకుండా విమానాన్నే డిజైన్ చేస్తే? పదే పదే జరిగే తప్పు మనిషిలోనే కాదు, యంత్రంలో కూడా ఉందని ఆయన నమ్మకం.

సాయంత్రాల్లో పుట్టిన విమానం

ఆఫీసులో ఇది ఆయన పని కాదు. అందుకే లాంగ్లీలోని కొందరు సహోద్యోగులతో కలిసి, డ్యూటీ అయ్యాక, సొంత సమయంలో డబ్ల్యూ-1 అనే ప్రయోగాత్మక విమానం కట్టారు. 1934లో అది ఎగిరింది. చూడ్డానికి వింతగా ఉండేది. ఇంజిన్ వెనక, చక్రాల్లో ఒకటి ముందు.

ముందు చక్రంలో విశేషం ఏముందని అనిపిస్తుంది మనకి, ఇవాళ దాదాపు అన్ని విమానాలూ అలాగే ఉన్నాయి కాబట్టి. అప్పట్లో చిన్న చక్రం తోక కింద ఉండేది. అంటే బరువు కేంద్రం పెద్ద చక్రాల వెనక ఉండేదన్నమాట. ట్రాక్టర్ ట్రైలర్‌ని రివర్స్ చేయడం చూసే ఉంటారు. కొంచెం వంకర పోతే ఆ వంకర పెరుగుతూనే పోతుంది. తోక చక్రం విమానం నేల మీద సరిగ్గా అలాగే ప్రవర్తించేది. బరువు కేంద్రం పెద్ద చక్రాల ముందుకి వస్తే, ముందుకి లాగే ట్రైలర్‌లా తనంతట తానే సరైన దారికి వస్తుంది. ఆలోచన కొత్తది కాకపోయినా, చిన్న విమానాలకి ఇదే సరైనదని పరీక్షలతో చూపించి మళ్లీ వాడుకలోకి తెచ్చినవాళ్లలో వైక్ ముఖ్యులు.

అదే రోజుల్లో అమెరికా వాణిజ్య శాఖలో విమానరంగాన్ని చూసే యూజీన్ విడాల్, కారు ధరకి, అంటే 700 డాలర్లకి, సామాన్యుడి విమానం రావాలని ప్రచారం చేస్తున్నారు. డబ్ల్యూ-1 ఆయన శాఖ దృష్టిలో పడింది. 700 డాలర్ల విమానం రానేలేదు గానీ, వైక్‌కి దారి దొరికింది. 1936లో ఆయన ప్రభుత్వ ఉద్యోగం వదిలి, మేరీల్యాండ్‌లో హెన్రీ బెర్లినర్ స్థాపించిన ఇంజనీరింగ్ అండ్ రీసెర్చ్ కార్పొరేషన్‌లో చేరారు. ఆ కంపెనీని పొట్టిగా ఎర్కో అనేవారు. ఎర్‌కూప్ పేరు అందులోంచి వచ్చిందే. మొదటి ఎర్‌కూప్ 1937లో ఎగిరింది.

ఎర్‌కూప్ ఎలా పనిచేస్తుంది

పక్కపక్కన ఇద్దరు కూర్చునే క్యాబిన్, పైన అద్దాల కప్పు, కింద రెక్క, వెనక తోకకి రెండు చివర్లా రెండు నిలువు రెక్కలు. రెక్కల వెడల్పు 30 అడుగులు. మొదట్లో 65 హార్స్‌పవర్ ఇంజిన్, యుద్ధం తర్వాత 75. ఇదంతా ఒక ఎత్తు. అసలు సంగతి లోపల కూర్చుని కిందికి చూస్తే తెలుస్తుంది. కాళ్ల దగ్గర రడ్డర్ పెడల్స్ లేవు.

వైక్ రడ్డర్‌నీ, రెక్కల మీద ఉండే ఎయిలరాన్లనీ ఒకే స్టీరింగ్ చక్రానికి కలిపేశారు. చక్రం ఎడమకి తిప్పితే విమానం ఎడమకి వంగుతుంది, రడ్డర్ దానికి తగ్గట్టు తానే కదులుతుంది. నేల మీద అదే చక్రం ముందు టైరుని తిప్పుతుంది, అచ్చం కారులాగే. ఇక పైలట్ భయంలో రడ్డర్ ఎక్కువ తొక్కడమనేది లేదు, తొక్కడానికి పెడల్ ఉంటే కదా!

రెండోది స్టాల్. ముక్కు పైకెత్తే ఎలివేటర్ కదలికకి వైక్ హద్దు పెట్టారు. చక్రం పూర్తిగా వెనక్కి లాగినా రెక్క కోణం ప్రమాదపు హద్దు దాకా పోదు. తోక రెక్కల్ని రెండు చివర్లకి జరపడం వల్ల ప్రొపెల్లర్ నుంచి మెలికలు తిరుగుతూ వచ్చే గాలి వాటిని నేరుగా కొట్టదు. ఇంజిన్‌ని కూడా కొంచెం వంచి బిగించారు. ఇలా విమానాన్ని పక్కకి లాగే కారణాల్ని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చారు.

మరి ఎదురు పక్క నుంచి గాలి వీస్తుంటే పెడల్స్ లేకుండా దిగడం ఎలా? విమానం ముక్కు గాలి వైపు తిరిగి ఉండగానే, ఏటవాలుగానే నేలని తాకుతుంది. చక్రాల కాళ్లు ఆ దెబ్బని తట్టుకునేలా చేశారు, బరువు కేంద్రం ముందుంది కాబట్టి తాకగానే విమానం తానే రన్‌వే దిశకి తిరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది గానీ, అది పనిచేస్తుంది.

1940లో అమెరికా విమానయాన అధికారులు ఎర్‌కూప్‌ని స్వతహాగా స్పిన్‌లో పడలేని విమానంగా గుర్తించారు. ధర 2,665 డాలర్లు. అంతలో యుద్ధం వచ్చింది, అల్యూమినియం అంతా సైన్యానికి పోయింది. 112 విమానాల దగ్గర తయారీ ఆగింది.

ఆ మధ్యలోనే ఒక చిత్రం జరిగింది. 1941 ఆగస్టులో కాలిఫోర్నియాలో థియోడర్ వాన్ కార్మన్ బృందం ఒక ఎర్‌కూప్‌కి రాకెట్లు కట్టి ఎగరేసింది. నడిపింది కెప్టెన్ హోమర్ బౌషీ. ఆ నెలలోనే ప్రొపెల్లర్ తీసేసి, కేవలం రాకెట్లతో కూడా గాల్లోకి లేపారు. కొత్తవాళ్లు భయపడకుండా నడపాలని చేసిన విమానం రాకెట్ యుగానికి కూడా పనికొచ్చిందన్నమాట.

బూమ్, ఆపై పతనం

యుద్ధం అయ్యాక అమెరికాలో అందరిదీ ఒకటే ఊహ: ప్రతి ఇంటి ముందు ఒక విమానం. ఎర్‌కూప్‌ని మేసీస్ లాంటి డిపార్ట్‌మెంట్ స్టోర్లలో, చీరలూ సామాన్లూ అమ్మినట్టు అమ్మారు. ఒక దశలో ఫ్యాక్టరీలోంచి రోజుకి 30కి పైగా విమానాలు బయటికొచ్చాయి. ఒక్క 1946లోనే 4 వేలకు పైగా తయారయ్యాయి. అదే ఏడాది చివరికి గిరాకీ కుప్పకూలింది. కొనేవాళ్లందరూ అప్పటికే కొనేశారు, మిగతావాళ్లకి ఇల్లూ కారూ ముందు కావాలి. ఎర్కో ఆ డిజైన్ వదులుకుంది. అది చేతులు మారుతూ మారుతూ చివరికి మూనీ అనే కంపెనీకి చేరింది. వాళ్లు తోక మార్చి, మామూలు విమానంలా స్టాల్ అయ్యేలా చేసి, ట్రైనర్‌గా అమ్మాలని చూశారు. 1970లో అదీ ఆగిపోయింది. ఏ గుణం కోసం వైక్ అన్నేళ్లు కష్టపడ్డారో, చివరి మోడల్లో ఆ గుణాన్నే తీసేశారు.

ఎందుకలా? చాలామంది పైలట్లకి ఎర్‌కూప్ అంటే చిన్నచూపు. ఇది విమానం కాదు, గాల్లో ఎగిరే కారు అన్నట్టు చూసేవారు. దీని మీద నేర్చుకున్నవాడికి అసలు పైలటింగ్ రాదన్నది వాళ్ల వాదన. అందులో కొంత నిజం ఉంది. పెడల్స్ లేకుండా నేర్చుకున్నవాళ్లకి వేరే విమానాలు నడపడానికి వేరే శిక్షణ కావాల్సి వచ్చేది. పైగా స్పిన్ రాదంటే ప్రమాదమే రాదని కాదు. చక్రం పూర్తిగా వెనక్కి లాగి, ఇంజిన్ తగ్గిస్తే ఎర్‌కూప్ తిరగదు గానీ, గబగబా కిందికి దిగిపోతుంది. నేల దగ్గర అలా చేస్తే దెబ్బ గట్టిదే. పొగమంచులోకి దూరేవాడిని, పెట్రోలు చూసుకోనివాడిని ఏ తోకా కాపాడలేదు.

ఇవన్నీ ఒప్పుకున్నా నా ఓటు వైక్‌కే. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌కి సేఫ్టీ వాల్వ్ ఉంది కాబట్టి అమ్మకి వంట రాదని ఎవరూ అనరు కదా. ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో లేత్ చక్‌లో కీ వదిలేయొద్దని మనందరికీ పదిసార్లు చెప్పి ఉంటారు. చెప్పడం మంచిదే. కానీ చెయ్యి తీయగానే స్ప్రింగ్‌తో బయటికొచ్చేసే చక్ కీలు కూడా ఉన్నాయి. పదకొండోసారి చెప్పడం కంటే ఆ స్ప్రింగ్ మేలని నేననుకుంటాను. మనిషి అలసిపోతాడు, భయపడతాడు, మర్చిపోతాడు. స్ప్రింగ్‌కి ఆ బాధలు లేవు.

పొలాల మీదికి

మార్కెట్ ఓడించినా వైక్ తన ప్రశ్నని వదల్లేదు. 1948లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ కాలేజీలో చేరి, పంటల మీద మందు చల్లే విమానాల మీద పడ్డారు. అప్పట్లో ఆ పనికి పాత మిలిటరీ ట్రైనర్లని మార్చి వాడేవారు. తీగల కింద నుంచి, చెట్ల అంచుల మీద నుంచి రోజంతా ఎగరడం. ఇక్కడ ప్రమాదాల్ని పూర్తిగా ఆపడం కుదరదని వైక్‌కి తెలుసు. కాబట్టి ఈసారి ప్రశ్న మార్చారు. పడినా పైలట్ బతకాలంటే విమానం ఎలా ఉండాలి?

ప్రమాదాల్లో మనిషి శరీరం ఎలా దెబ్బతింటుందో అధ్యయనం చేసిన హ్యూ డిహేవెన్ పరిశోధనని ఆయన వాడుకున్నారు. 1950 డిసెంబరులో ఎగిరిన ఏజీ-1లో పైలట్ సీటు ఎత్తుగా, వెనక ఉంది. బరువైన మందు తొట్టి అతని ముందు ఉంది. దెబ్బ తగిలితే ముందు భాగం నలుగుతూ ఆ శక్తిని మింగేస్తుంది, పైలట్ చుట్టూ ఉన్న చట్రం మాత్రం గట్టిగా నిలుస్తుంది. అంతకుముందు తొట్టి వెనకుండి, పడినప్పుడు పైలట్ మీదికి దూసుకొచ్చే ఏర్పాట్లు ఉండేవంటే, ఈ మార్పు విలువ అర్థమవుతుంది. ఈ ఆలోచనే తర్వాత పైపర్ కంపెనీ పానీ విమానమైంది. 5 వేలకు పైగా తయారయ్యాయి.

1957లో వైక్ పైపర్‌లో చేరి, ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో జాన్ థార్ప్, కార్ల్ బెర్గీలతో కలిసి చెరోకీ డిజైన్ చేశారు. 1960లో ఎగిరిన ఆ కుటుంబం విమానాలు 30 వేలకు పైగా తయారయ్యాయి, ఇవాళ్టికీ తయారవుతున్నాయి. చెరోకీకి పెడల్స్ ఉన్నాయి, అది స్టాల్ కూడా అవుతుంది. కానీ ముందు చక్రం ఉంది, నెమ్మదైన స్వభావం ఉంది. జనం ఒప్పుకున్నంత మేర తన పాఠాన్ని ఆయన అందులో పెట్టగలిగారు. 1988లో జేమ్స్ హాన్సెన్‌తో కలిసి తన జ్ఞాపకాలు పుస్తకంగా తెచ్చారు. 1993 జూలైలో, 94వ పుట్టినరోజుకి కొద్ది రోజుల ముందు కన్నుమూశారు.

ఆయన పోయిన పదిహేనేళ్లకి జరిగిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పెడల్స్ లేని విమానం ఇంకెవరికి పనికొస్తుంది? కాళ్లు పనిచేయనివాళ్లకి. ఎర్‌కూప్ మొదటి నుంచీ వాళ్లకి ఒక వరంలా ఉంది. కానీ 2008లో అమెరికాలో జెస్సికా కాక్స్ అనే అమ్మాయి దాన్ని తిరగేసి చూపించింది. ఆమెకి పుట్టుకతోనే రెండు చేతులూ లేవు. మామూలు విమానంలో కాళ్లకి పెడల్స్ పని ఉంటుంది, మరి చేతుల పని ఎవరు చేస్తారు? ఎర్‌కూప్‌లో పాదాలు రెండూ ఖాళీ. ఒక పాదంతో స్టీరింగ్, ఇంకో పాదంతో ఇంజిన్ కంట్రోళ్లు పట్టుకుని ఆమె పైలట్ లైసెన్సు సంపాదించింది. నడిపింది 1940ల నాటి ఎర్‌కూప్.

వైక్ ఆ పెడల్స్ తీసేసింది ఆమె కోసం కాదు, భయంలో కాలు ఎక్కువ తొక్కే మామూలు మనిషి కోసం. కానీ మనిషికి యంత్రాన్ని సరిపెట్టాలని గట్టిగా అనుకుని చేసిన పని, తాను ఊహించని మనిషికి కూడా సరిపోయింది. రేపు మనం ఏదో ఒకటి డిజైన్ చేస్తాం. అది యాప్ కావచ్చు, పంపుసెట్టు కావచ్చు. వాడేవాడికి రాదు అని అనబోయే ముందు ఒక్కసారి ఆ ఖాళీగా ఉన్న పెడల్స్ జాగాని గుర్తు తెచ్చుకుంటే చాలు.